ల్యాప్‌టాప్‌కు తగిన సమయం

మే 6, బుధవారం

ఎవరు నువ్వు? ఈ డైరీ తెరిచి చదువుతున్న మనిషీ, నిన్నే అడుగుతున్నాను! చేయవలసిన పని ఎదురుగా నిలబడి పేరు పెట్టి పిలుస్తుంటే, రేపంటావు, ఎల్లుండంటావు, పై నెల అంటావు. ఎన్నాళ్ళు తప్పించుకు తిరుగుతావు? జవాబు చెప్పు!

(ఇది చదివేది నేనొక్కణ్ణే కాబట్టి జవాబు కూడా నేనే చెప్పాలి. రేపు చెబుతాను.)

ఈ రోజు కాలేజీ నుంచి కబురు వచ్చింది. సీటు ఖాయం. పరిశుద్ధ గ్రంథాన్ని మొదట ఏ భాషలో రాశారో ఆ పాత భాషను నేర్పే ఏడాది చదువు, సముద్రం అవతలి దేశంలో. నాకు! పగలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పి, శుక్రవారం సాయంత్రం, ఆదివారం ఉదయం బేకరీ పైగదిలో దైవ వాక్యం చెప్పే నాకు! బడి మధ్యలో మానేసిన నాకు! వాక్యం నాకు ఏ గురువూ నేర్పలేదు. కారు నేర్చుకునేవాళ్ళు ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ గ్రంథాన్ని స్టీరింగ్‌కు ఆనించుకుని చదువుకున్నాను. మనుషులు ఆలస్యంగా రావడం వల్ల పండితుణ్ణయినవాణ్ణి నేను.

షరతు ఒక్కటే. మే 25 సాయంత్రం ఐదు గంటలకు పరిచయ తరగతి. ఇంట్లో కూర్చునే, కానీ సొంత ల్యాప్‌టాప్ మీద. ఆ పాత లిపి చూపించే సాఫ్ట్‌వేర్ ఫోన్లోకి ఎక్కదట. ఆ రోజు కనిపించకపోతే సీటు వరసలో తర్వాతివాడికి వెళ్ళిపోతుంది.

డబ్బు మా ఆవిడ ఎప్పుడో తీసి పక్కన పెట్టింది. కాబట్టి మిగిలిన ప్రశ్న ఎప్పుడు కొనాలన్నదే.

"ఎప్పుడేమిటండీ? షాపు తెరిచే ఉంటుంది, వెళ్ళి తెచ్చుకోండి" అంది మా ఆవిడ, ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తూ. బట్టలకు మార్పులు చేసే మనిషి, అన్నీ కత్తెరతో తేలిపోతాయనుకుంటుంది. ఇది తొందరపడే విషయం కాదని చెప్పాను.

సీటు కాగితంతో పాటు ఇంకో కాగితం వచ్చింది. ముందుగా చూసుకుని రమ్మని, ఆ లిపిలో అక్షరాలు. చూశాను. మడిచి గ్రంథంలో పెట్టాను.

మే 7, గురువారం

ఉదయం నాకు స్పష్టంగా తెలిసింది, ఇప్పుడే కొనాలి. ఓడ కట్టిన ఆ పెద్దమనిషి చినుకు పడ్డాక కలప కోసం బయల్దేరాడా? లేదు! మబ్బు తునక లేని ఆకాశం కింద, చూసినవాళ్ళందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే కట్టాడు! ఈ మాట మా ఆవిడకు చెబుతూ చెబుతూ గొంతు పెంచాను. పక్కింటి కుక్క మొరిగింది. ఆ ఇంటావిడ కిటికీ మూసింది.

మధ్యాహ్నం నాకు స్పష్టంగా తెలిసింది, ఇప్పుడు కొనకూడదు. ఎడారిలో ఆకాశం నుంచి రాలిన తిండిని ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నారు. రేపటికి దాచుకున్నవాడి కుండలో పురుగులు పడ్డాయి. తరగతి ఈ నెల చివర ఉంటే ఇప్పుడే కొని దాస్తే ఏమవుతుంది? పురుగులు పడకపోవచ్చు. బ్యాటరీ మాట ఏమిటి?

సాయంత్రం మా బావమరిది వచ్చాడు. వాణ్ణి అందరూ అప్‌డేట్ అంటారు. ఏ వస్తువు ఎప్పుడు వస్తుందో వాడికి తెలుసు. ఏదీ కొన్న దాఖలా మాత్రం లేదు.

"బావా, ఇప్పుడు కొన్నావంటే నీ అంత అమాయకుడు ఉండడు. పై నెలలో కొత్త తరం ప్రాసెసర్ దిగుతోంది."

"తరగతి ఈ నెలలోనే కదరా."

"అయితే అక్కడికి వెళ్ళాకే కొనుక్కో. స్టూడెంట్ కార్డు చూపిస్తే తగ్గించి ఇస్తారు."

"వెళ్ళకముందే కావాలిరా!"

"అదొక్కటే చిక్కు. అది తీసేస్తే నా ప్లానులో వంక పెట్టడానికి లేదు బావా."

మా ఆవిడ మిషను ఆపింది. "ఒరేయ్, కొత్త ఫోను వచ్చేదాకా ఆగుతానని పాతది అమ్మేశావు. ఏడాదైంది. ఇంకా నా ఫోన్లోంచే మాట్లాడుతున్నావు."

"అది వ్యూహం అక్కా."

"నీ వ్యూహానికి రీచార్జి నేను చేయిస్తున్నాను."

వాడి మాటలో కొంత జ్ఞానం ఉందని నాకు అనిపించింది. మా ఆవిడకు చెప్పలేదు.

మే 8, శుక్రవారం

ఎంత తేలికైన మార్గం! నాకు ముందే ఎందుకు తట్టలేదు?

పైగదిలో గోడకు నల్లబోర్డు ఉంది. ఎవరికి ఏ అవసరం ఉన్నా అక్కడ రాస్తే అందరం కలిసి ప్రార్థిస్తాం. దానికి రెండు నియమాలున్నాయి, రెండూ నేను పెట్టినవే. మొదటిది, పేరు రాయకూడదు, గొప్పలకు తావివ్వకుండా. రెండోది, బోర్డు మీద పెట్టిన విషయంలో జవాబు వచ్చేదాకా ఎవరూ వేలు పెట్టకూడదు. జవాబు అందినవాళ్ళు ముందుకు వచ్చి చెరిపెయ్యాలి. ఈ రెండోది బేకరీ ఆయన వల్ల పెట్టాల్సి వచ్చింది. ఓవెన్ బాగుపడాలని వారమంతా మా చేత మోకాళ్ళేయించి, మధ్యలో మెకానిక్‌ను పిలిపించుకుని బాగు చేయించేసుకున్నాడు. మాతో ఒక్క మాటైనా చెప్పలేదు. మేము ఇంకో రెండు రోజులు బాగైన ఓవెన్ కోసం కన్నీళ్ళు పెట్టుకున్నాం.

ఈ సాయంత్రం సుద్దముక్క తీసుకుని నా చేత్తోనే రాశాను. "విదేశంలో చదువు కోసం ల్యాప్‌టాప్. తగిన సమయం తెలియాలి." అందరూ తల ఊపారు. ముందు వరసలో కూర్చునే గంట తాత కూడా ఊపాడు. ఆయన చేతిలో గంట పెట్టింది కూడా నేనే. నా ప్రసంగం గంటసేపు దాటితే మోగించమని. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, అవకాశం ఒక్కసారి కూడా వదులుకోలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కుట్టుపని పక్కన పెట్టి నా వైపు చూసింది. "ప్రార్థనకు పెట్టారా? బస్సెక్కి వెళ్ళి కొనుక్కు రమ్మంటే?"

"ఇక నా చేతుల్లో లేదు" అన్నాను. ఎంత హాయిగా ఉందో.

మే 9, శనివారం

జవాబు రాలేదు. కాగితం తీశాను. పెట్టేశాను.

మే 11, సోమవారం

వేలు పెట్టకూడదన్నాను గానీ కన్ను వేయకూడదనలేదు. మధ్యాహ్నం కారు నేర్చుకునేవాళ్ళు ఎవరూ లేకపోతే షాపుకు వెళ్ళాను. చూడటానికే.

కౌంటర్ దగ్గర అమ్మాయి చలాకీది. "చెప్పండి అంకుల్, ఏం వాడకానికి?"

"ఒక ప్రాచీన భాష నేర్చుకోవడానికి, తల్లీ."

"గేమ్స్ ఏమైనా ఆడతారా?"

"నేను ఆటలాడే మనిషిలా కనిపిస్తున్నానా?"

"స్టోరేజ్ ఎంత కావాలి?"

"నిత్యత్వానికి సరిపడా."

"ఐదువందల పన్నెండు జీబీ ఉంది అంకుల్."

బూడిదరంగుది ఒకటి చూపించింది. పలచగా, తేలిగ్గా, మర్యాదస్తుడిలా ఉంది. మూత తెరిస్తే చప్పుడు లేదు. పేరు టైపు చేసి చూడమంది. మొదటి అక్షరం దొరికింది. రెండోది కీబోర్డు మీద లేదన్నాను. చూపించింది. మూడోది దొరికేలోపు వెనకాల నలుగురు నిలబడ్డారు. "మీరు కానివ్వండి అంకుల్, వాళ్ళు ఆగుతారు" అందా పిల్ల. ఆ మాటే నాకు ఎక్కడో గుచ్చుకుంది.

వేదిక మీద నిలబడితే నా నోటికి అడ్డు లేదు. ఇక్కడ మూడో అక్షరం దగ్గర ముచ్చెమటలు పోశాయి.

ఇంకో మాట కూడా ఉంది. వద్దులే. అలసిపోయాను.

మే 13, బుధవారం

కళ్ళు మూసుకుని గ్రంథం తెరిచి వేలు పెట్టాను. ఇలా చేయకూడదని నేనే ఎన్నో ప్రసంగాల్లో గర్జించాను. కానీ ఆ ప్రసంగాలు జూదరుల్లా చేసేవాళ్ళ గురించి. నేను వినయంతో చేశాను.

వేలి కింద వంశావళి వచ్చింది. ఎవరు ఎవరికి పుట్టారో, ఆ పుట్టినవాడికి మళ్ళీ ఎవరు పుట్టారో, పేజీ నిండా అదే. మొదట నిరాశపడ్డాను. తర్వాత ఒళ్ళు జలదరించింది. తరం తర్వాత తరం! అప్‌డేట్ గాడు చెప్పింది కూడా అదే కదా, కొత్త తరం ప్రాసెసర్ దిగుతోందని! అంటే ఆగమని అర్థం.

మా ఆవిడకు చూపించాను. చదివింది. "ఇందులో చివరికి అందరూ పోయారండీ" అంది.

మే 14, గురువారం

కాగితం తీశాను. పెట్టేశాను.

మే 15, శుక్రవారం

పైగదిలో అందరూ గట్టిగా ప్రార్థించారు. జవాబు ఎవరికీ రాలేదు. బేకరీ ఆయన మాత్రం "వెళ్ళి కొనుక్కోవచ్చు కదండీ" అన్నాడు. ఓవెన్ సంగతి గుర్తు చేశాను. నోరు మూసుకున్నాడు.

మే 16, శనివారం

ఈ రోజు జరిగింది రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. రాస్తాను. ఎవరు చూడొచ్చారు?

షాపుకు మళ్ళీ వెళ్ళాను. ఎన్నోసారో అడక్కు. ఇప్పుడు నాకు అక్కడ ఒక కుర్చీ ఉంది. టీ కూడా ఇస్తారు. బూడిదరంగు ల్యాప్‌టాప్‌కు ఎదురుగా కూర్చుని ఉంటే భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన భార్యతో గొణుగుతున్నాడు, పండగ సేల్ దాకా ఆగుదామని. ఆవిడ ముఖం చిన్నబోయింది. నా అంతట నేను లేచాను.

"అయ్యా! రేపు మీ చేతిలో ఉందా? ఎవరైనా రాసిచ్చారా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "మీరు... ఇక్కడ పనిచేస్తారా?"

"నేను మనుషుల మధ్య పనిచేస్తాను! మీ ఆవిడ కళ్ళలోకి చూడండి. ఆమె ఎన్నాళ్ళు ఆగింది? ఇంకా ఎన్నాళ్ళు ఆగాలి? తలుపు తెరిచి ఉండగానే లోపలికి రావాలి! తర్వాత తడితే ఎవరు తీస్తారు?"

కొన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పక్కన ప్రింటర్ చూస్తున్నాయన కూడా ప్రింటర్ కొన్నాడు, ఆయన్ను నేనేమీ అనలేదు. హెడ్‌ఫోన్స్ కోసం వచ్చిన కాలేజీ కుర్రవాడు ల్యాప్‌టాప్ కొని, హెడ్‌ఫోన్స్ మర్చిపోయి వెళ్ళిపోయాడు.

మేనేజర్ లోపలి గదిలోంచి బయటికి వచ్చాడు. "సార్, శని, ఆదివారాలు ఖాళీగా ఉంటారా?"

"ఆదివారం కుదరదు" అన్నాను, ఎందుకన్నానో.

కౌంటర్ అమ్మాయి మెల్లగా అడిగింది. "అంకుల్, మరి మీరెప్పుడు తీసుకుంటారు? ఈ బూడిదరంగుది ఒక్కటే మిగిలింది. మళ్ళీ స్టాకు వచ్చేది పై నెలలోనే."

"నా సందర్భం వేరమ్మా" అన్నాను.

వేరే కదా? వాళ్ళకు సేల్ బెడద. నాకు నియమం ఉంది.

మే 19, మంగళవారం

నా దగ్గర కారు నేర్చుకుంటున్న నర్సమ్మకు ఈ వారంలో డ్రైవింగ్ పరీక్ష. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డాం. అటువైపు ఖాళీ దొరికింది. "వెళ్ళండమ్మా! ఇదే సమయం! వెళ్ళండి, వెళ్ళండి, ఇంకేం చూస్తున్నారు!" అని అరిచాను. కారు ఒక అడుగు వేసి ఆగిపోయింది. మళ్ళీ ఖాళీ వచ్చింది. మళ్ళీ అరిచాను. మళ్ళీ ఆగింది. వెనకాల హారన్లు మోగుతున్నాయి.

నర్సమ్మ స్టీరింగ్ వదిలేసి నా వైపు తిరిగింది. "మాస్టారూ, నోటితో వెళ్ళమంటారు, కాలితో ఆపుతారు. నేను దేన్ని నమ్మాలి?"

కిందికి చూశాను. నేర్పేవాడి వైపు ఉండే ఒకే ఒక్క పెడల్ మీద నా కాలు నేలకంటా తొక్కి ఉంది. అది బ్రేకు.

తీశాను. ఆవిడ చక్కగా వెళ్ళింది.

మే 20, బుధవారం

మా ఆవిడ సూట్‌కేసు తెచ్చి ముందు గదిలో పెట్టింది. దారికి అడ్డంగా. నా బొటనవేలు దానికి కొట్టుకుంది.

"ఎవరు తెమ్మన్నారు?"

"మీరు వెళ్తున్నారు కదా?"

"వెళ్తాను. సమయం రావాలి కదా."

"సోమవారం తరగతండీ."

"నాకు తెలుసు."

"ల్యాప్‌టాప్ లేదండీ."

"అది కూడా తెలుసు!"

"నా కోసమైతే ఆగక్కర్లేదు. ఏడాదికి సరిపడా పని ఒప్పుకున్నాను. మా అక్క వచ్చి ఉంటానంది. ఇద్దరం కలిసి మీరు ఇంట్లో లేనప్పుడు మాత్రమే చూడగలిగే సీరియళ్ళు చూస్తాం." అని కాస్త ఆగింది. "అసలు సంగతి ఏమిటండీ?"

"ప్రాసెసర్" అన్నాను.

ఆమె టేపు తీసుకుని నా భుజం కొలిచింది, స్వెట్టర్ కోసమట. "కొలత తీసుకుని ఏళ్ళ తరబడి ఆగితే మనిషి మారిపోతాడండీ. బట్ట దండగ" అంది.

నాకు అర్థం కాలేదు. ఏదో స్వెట్టర్ విషయం.

మే 21, గురువారం

కాగితం తీశాను. ఈసారి చాలాసేపు చూశాను. ఆ లిపిని కుడి నుంచి ఎడమకు చదవాలట. ఒక్కటీ నోరు విప్పలేదు. పెట్టేశాను.

మే 22, శుక్రవారం

ఈ సాయంత్రం నా నోట అగ్ని కురిసింది! ఇది గర్వంగా రాయడం లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వేరే అంశం ఏదో సిద్ధం చేసుకుని వెళ్ళాను. నోరు తెరిస్తే వాయిదా మీదికి పోయింది. "రేపు అనేది సాకు! నీ సాకుకు దైవభక్తి చొక్కా తొడిగినంత మాత్రాన అది భక్తి అయిపోదు!" అన్నాను. ఎవరినో ఉద్దేశించి అన్నానని అందరూ తలలు తిప్పి చూసుకున్నారు. నేను కూడా చూశాను. "మేజా మీద పడి ఉన్న పని నిన్ను చూసి ఏడుస్తోంది! ఈ రోజే లే! ఈ రాత్రి నిద్రపోయే ముందు ఒక్క అడుగు వెయ్యి!"

కింద బేకరీలో రొట్టెలు మాడిన వాసన వచ్చింది. బేకరీ ఆయన కదల్లేదు. గంట తాత గంట మోగించడం మర్చిపోయాడు! అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? చివర్లో చూస్తే ఆయన గడ్డం కింద కన్నీళ్ళు.

మెట్ల మీదే ఫలితాలు మొదలయ్యాయి. బేకరీ ఆయన ఏళ్ళ తరబడి మాట్లాడని తమ్ముడికి ఫోను చేశాడు. "ఏరా, నేనే" అన్నాడు, ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చుకున్నారు. అప్‌డేట్ గాడు అక్కడి నుంచి నేరుగా వెళ్ళి ఫోను కొన్నాడు. పాత మోడల్! దాంట్లోంచి మొదటి ఫోను నాకే. "బావా, నువ్వు నా కళ్ళు తెరిపించావు!"

ఇంటికొచ్చాక మా ఆవిడ తాళం తీస్తూ అంది, "చాలా బాగా చెప్పారండీ. నాకు ఒక్కటే బాధ. ఆ ప్రసంగానికి మీరు రాలేకపోయారు."

నేను అక్కడే ఉన్నాను కదా.

మే 23, శనివారం

కారులో ఉండగా షాపు అమ్మాయి ఫోను చేసింది.

"అంకుల్, సారీ అంకుల్. మీ బూడిదరంగుది అమ్ముడైపోయింది."

"ఎవరికి?"

"ఒక తాతగారండీ. పొద్దున్నే, షట్టర్ ఎత్తకముందే వచ్చి నిలబడ్డారు. చేతిలో గంట ఉంది."

ఇంకేమీ రాయను.

మే 24, ఆదివారం

రాస్తాను. అంతా రాస్తాను.

పైగదిలో పాటలయ్యాక గంట తాత లేచాడు. చంకలో ల్యాప్‌టాప్ డబ్బా ఉంది. బోర్డు దగ్గరికి నడిచి, నా అక్షరాల మీద చొక్కా మోచేతితో రుద్ది చెరిపేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా రెండు కొట్టి ఆగిపోయాను.

"తాతగారూ, ఆ అంశం నాది!"

"బోర్డు మీద నీ పేరేదీ?"

"పేర్లు రాయకూడదని నియమం ఉంది కదా."

"ఆ నియమం ఎవరు పెట్టారు?"

ఎవరో వెనక వరసలో కిసుక్కున నవ్వారు. మా ఆవిడే.

"అది విదేశంలో చదువు కోసం" అన్నాను. "మీకెందుకండీ?"

"నువ్వే అన్నావు కదా నాయనా, ఒక్క అడుగు వెయ్యమని. ఇంటికెళ్ళి ఆలోచించాను. డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఏ పని వాయిదా వేశాను? చదువు. చిన్నప్పుడు మానేసినవాణ్ణి మళ్ళీ పుస్తకం పట్టలేదు. అప్పుడు నీ సీటు గుర్తొచ్చింది. నువ్వు రాకపోతే వరసలో తర్వాతివాడికి ఇస్తారన్నావు కదా. ఆ వరసలో నిలబడాలంటే ఎవరికి చెప్పుకోవాలి?"

"నేను వెళ్ళడం లేదని ఎవరన్నారు?"

కింద ఓవెన్ చప్పుడు వినిపించింది.

"ఎవరూ అనలేదు" అన్నాడు తాత, నెమ్మదిగా. "మేమంతా అనుకున్నాం."

అందరి ముఖాలూ చూశాను. బేకరీ ఆయన చూపు దించుకున్నాడు. అప్‌డేట్ తన కొత్త ఫోను వైపు చూసుకున్నాడు. మా ఆవిడ ఒక్కతే సూటిగా నన్ను చూస్తోంది. నాకు నోటి వెంట మాట రాలేదు. నాకు!

తాత ఇంకా తగ్గలేదు. "ఏదీ, వాళ్ళు పంపిన అక్షరాలు ఒకసారి చూపించు. ఏం చదవాలో తెలియాలి కదా."

గ్రంథంలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కాగితాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఈ కొక్కెంలా ఉన్నది ఏమిటబ్బాయ్?"

వేదిక మీద నిలబడి, ఇంతమంది నా వాళ్ళ ముందు, ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"తెలియదు" అన్నాను.

"ఈ పక్కది?"

"తెలియదండీ."

"దీని కింద చుక్కలు దేనికి?"

"తెలియదు తాతగారూ! ఒక్కటీ తెలియదు! రోజూ తీసి చూస్తున్నాను, ఒక్క ముక్క తెలియడం లేదు! అక్కడికెళ్తే పాతికేళ్ళ పిల్లల మధ్య కూర్చుని రోజూ ఈ మాటే చెప్పాలి! మైకు నా చేతిలో ఉండదు! పేరు టైపు చేయడానికి నాకు పూట పడుతుంది!"

అరిచాను. నిజంగా అరిచాను. తాత ముఖం చూద్దును కదా, పిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది.

"నాక్కూడా ఒక్కటీ తెలియదురా!" అన్నాడు. "ఎంత బాగుందో చూడు ఈ కొక్కెం!"

ఎవరు మొదలుపెట్టారో గానీ గదంతా నవ్వింది. కాస్త ఆలస్యంగా నేను కూడా నవ్వాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, నవ్వు వల్లే.

చివరికి వినయంగా అడిగాను. "తాతగారూ, రేపు ఒక్క సాయంత్రానికి మీ ల్యాప్‌టాప్ ఇస్తారా?"

"ఇవ్వను" అన్నాడు. "సొంతదని రాశారు కదా. పైగా ఇది నా వేలిముద్రతో తెరుచుకుంటుంది. వేలు కోసి ఇవ్వలేను. రేపు ఐదింటికి నువ్వు తరగతిలో కనిపించకపోతే ఐదుంపావుకు నేను కాలేజీకి ఫోను చేస్తాను. ముందే చెబుతున్నాను, మళ్ళీ అనొద్దు." అని గంట మోగించాడు. ఆ రోజు నేను ఇంకా ప్రసంగం మొదలే పెట్టలేదు.

షాపు అమ్మాయికి ఫోను చేశాను. ఈ పూట షాపు మూసేశారట. కొట్లో ఆ సాఫ్ట్‌వేర్ నడిచేది ఒక్కటే మిగిలిందట. పిల్లలు ఆటలాడుకునేది. ఎత్తితే బండరాయి బరువు, ఫ్యాను తిరిగితే పిండిమర మోత, ప్రతి మీటా ఒక్కో రంగులో వెలుగుతుందట. మూత మీద నోరు తెరిచిన డ్రాగన్ బొమ్మ.

"వేరే ఏదీ లేదా అమ్మా?"

"ఉంది అంకుల్, పై నెలలో."

మే 25, సోమవారం, ఉదయం

కాఫీ తాగాను. షాపు పదింటికి తెరుస్తారు. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి మధ్యాహ్నం అంతా పడుతుందట.

డ్రాగన్ గురించి ఆలోచిస్తున్నాను. దైవ వాక్యం నేర్చుకోవడానికి డ్రాగన్ ఉన్న యంత్రం వాడవచ్చా? గ్రంథం చివర్లో దాని గురించి మంచిగా ఏమీ రాయలేదు. ఒకసారి తీసి చూస్తే...

లేదు. గ్రంథం మూసేశాను. ఈ రోజు అందులో వెతికితే నాకు కావలసింది దొరుకుతుంది. అదే చిక్కు.

మా ఆవిడ వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఏం రాస్తున్నారండీ?"

"మనసులో మాట."

"ఏమిటది?"

"భయంగా ఉంది" అన్నాను. రెండు మాటలే. ఇన్ని పేజీల్లో ఎక్కడా పట్టని మాటలు.

"తెలుసు లెండి" అంది. "ప్రాసెసర్ అన్నప్పుడే తెలిసింది. డ్రాగన్‌కు ఒక సంచీ కుట్టి ఇస్తాను, ఎవరికీ కనపడదు. పదండి, మీ స్కూలు కారు తీశాను." ఆమెకు కారు నడపడం నేను నేర్పలేదు. నేర్పితే గొడవలవుతాయని వాయిదా వేస్తూ వచ్చాను. ఎవరు నేర్పారంటే, "నర్సమ్మ. తన పరీక్ష ప్యాసైన రోజు నుంచి" అంటోంది. ఈ ఇంట్లో నా ప్రసంగాలు అందరూ విన్నట్టున్నారు.

బయట హారన్ మోగుతోంది. రాస్తూనే ఉన్నాను. ఎందుకు రాస్తున్నాను? రాస్తున్నంతసేపు వెళ్ళక్కర్లేదు కాబట్టి!

ఓయీ, పెన్ను పట్టుకున్న పెద్దమనిషీ! ఊరందరినీ తోసి, నువ్వు ఒడ్డున నిలబడ్డవాడా! నిన్నటి జవాబు అడగకు, రేపటి మోడల్ అడగకు. చేతులు వణికితే వణకనీ, వణికే చేతులతోనే బరువు ఎత్తు. అక్షరం రాకపోతే రాదు అని గట్టిగా చెప్పు, నీకు గట్టిగా చెప్పడం వచ్చు కదా! షట్టర్ ఎత్తుతున్నారు. ఐదు గంటలకు తరగతి నీ కోసం తెరుచుకుంటుంది. ఐదుంపావుకు ముసలాయన ఫోను తీస్తాడు. గుండీలు కారులో పెట్టుకో. ఈ వాక్యం పూర్తి చేయకు. లే! ఈ రోజే, ఈ పూటే, ఇప్పుడే, లేచి పరిగెత్తవయ్యా